కొవ్వు నుంచి స్టియరిన్ కొవ్వొత్తి: షెవ్రెల్ దారిలో, థర్మామీటరు చేతపట్టుకుని

కొవ్వొత్తి అన్న మాటలోనే దాని పాత తయారీ దాగి ఉంది. గొడ్డు కొవ్వునో గొర్రె కొవ్వునో కరిగించి, నూలు ఒత్తిని ముంచి, ఆరాక మళ్లీ ముంచి లావు చేసేవారు. ఎండాకాలం వస్తే అది మెత్తబడి వంగిపోయేది. వెలుగుతున్నంతసేపూ పొగ, ఆర్పగానే గొంతు పట్టే కంపు. ఆ కొవ్వులోంచి మెత్తదనాన్నీ కంపునూ ఎలా విడగొట్టాలో కనిపెట్టినవాడు ఫ్రెంచి రసాయనవేత్త మిషెల్ యూజీన్ షెవ్రెల్. 1786లో ఆంజేలో పుట్టి, 1889లో పారిస్‌లో, 102 ఏళ్లు నిండాక పోయాడు. 1811లో పంది కొవ్వు, పొటాష్‌తో చేసిన మెత్తని సబ్బును పరీక్షించబోయి, నీళ్లలో అడుగున చేరిన ముత్యపు మెరుపు పొరలను చూశాడు. ఆ పొరలను పట్టుకుని పన్నెండేళ్లు కొవ్వులన్నిటినీ విప్పి చూసి, 1823లో ఆ పనినంతా గ్రంథంగా అచ్చువేశాడు.

ఆయన తేల్చినది క్లుప్తంగా ఇది. కొవ్వు అంటే గ్లిసరిన్, దానికి అంటుకుని ఉన్న కొవ్వు ఆమ్లాలు. క్షారం ఆ జోడిని విడగొడుతుంది: ఆమ్లాలు క్షారంతో కలిసి సబ్బవుతాయి, గ్లిసరిన్ నీళ్లలోకి పోతుంది. ఆ సబ్బులో గట్టి ఆమ్లం పోస్తే క్షారం దానితో పోయి, కొవ్వు ఆమ్లాలు ఒంటరిగా పైకి తేలతాయి. వాటిలో ఓలియిక్ ఆమ్లం ద్రవం, 13 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. పామిటిక్ 63 డిగ్రీలకు, స్టియరిక్ 69 దాటాక కరుగుతాయి. కంపుకు కారణం గ్లిసరిన్ భాగం: వేడికి నీరు కోల్పోయి ఎక్రోలిన్ అనే ఘాటు వాయువుగా మారుతుంది. కాబట్టి పని రెండు ముక్కలు. గ్లిసరిన్‌ను తరిమెయ్యాలి, తర్వాత ఓలియిక్‌ను పిండెయ్యాలి. అలా పిండాక మిగిలే గట్టి తెల్లని పదార్థమే స్టియరిన్.

పని ఎక్కడిదాకా వచ్చిందో కంటికి తెలియదు. తెల్లగా కనిపించేదంతా స్వచ్ఛమైనది కాదు. షెవ్రెల్ నమ్మింది ద్రవీభవన స్థానాన్ని: మళ్లీ మళ్లీ శుద్ధి చేస్తూ, అంకె మారడం ఆగేదాకా ఆగలేదు. ఇక్కడా ప్రతి దశ తర్వాత ఒక అంకె రాసుకోవాలి. ఆ కాగితం లేకుండా మొదలుపెట్టకండి.

సరంజామా

శుభ్రం చేసిన కొవ్వు 500 గ్రాములు. గొర్రె కొవ్వయితే మేలు, స్టియరిక్ పాలు ఎక్కువ. పచ్చి కొవ్వయితే 700 గ్రాములు తీసుకుని సన్నగా తరిగి, అంతే నీళ్లు పోసి సన్నని సెగ మీద కరిగించి, బట్టలో వడకట్టి చల్లారనివ్వండి. పైన గడ్డకట్టిన బిళ్లను తీసి, దాని అడుగున పట్టిన బూడిదరంగు జిగురును కత్తితో గీకెయ్యండి. వాసన ఇంకా ఉంటే కొత్త నీళ్లతో మరోసారి.

కాస్టిక్ సోడా 75 గ్రాములు. పది శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒక కిలో (బ్యాటరీల్లో పోసే ఆమ్లం దాదాపు 35 శాతం ఉంటుంది, దాన్ని 300 గ్రాములు, నీళ్లు 700 గ్రాములు). డిస్టిల్డ్ వాటర్, నీలి లిట్మస్ కాగితాలు, అర డిగ్రీ గీతలున్న గాజు థర్మామీటరు, ఐదు లీటర్ల ఎనామిల్ గిన్నె, మందపాటి కాన్వాసు గుడ్డ, మర బిగింపు ఉన్న ప్రెస్సు లేదా రెండు దళసరి చెక్కలు, నాలుగు క్లాంపులు. అల్యూమినియం గిన్నె వద్దే వద్దు. కాస్టిక్ సోడా దాన్ని తినేస్తుంది, పైగా హైడ్రోజన్ వాయువు పుడుతుంది.

కళ్లద్దాలు, రబ్బరు చేతి తొడుగులు పని మొదటి నిమిషం నుంచే ఉండాలి. సోడాను నీళ్లలో వెయ్యాలి, ఆమ్లాన్ని నీళ్లలో పొయ్యాలి. ఎప్పుడూ అటుదిటు కాకూడదు. కొవ్వుకు మంటంటుకుంటే నీళ్లు చల్లకండి, మూత పెట్టి పొయ్యి కట్టెయ్యండి.

సబ్బు కట్టించడం

75 గ్రాముల సోడాను 200 మిల్లీలీటర్ల చన్నీళ్లలో కొద్దికొద్దిగా వేసి కలపండి. దానంతటదే పొగలు కక్కేంత వేడెక్కుతుంది, కాసేపు పక్కన పెట్టాలి. లెక్క చూస్తే ఇలాంటి కొవ్వు గ్రాముకు 0.14 గ్రాముల సోడా పడుతుంది, అంటే 70 గ్రాములు. ఒంటికి రాసే సబ్బు చేసేవారు చర్మం మంటెత్తకుండా సోడాను కావాలని కొంచెం తగ్గిస్తారు. ఇక్కడ దానికి తలకిందులు. మిగిలిన సోడాను తర్వాత పోసే ఆమ్లం చంపేస్తుంది, కానీ విడిపోకుండా మిగిలిన కొవ్వును తర్వాత ఏదీ బాగుచెయ్యలేదు. అది కొవ్వు ఆమ్లాల్లోనే కలిసిపోయి చివరిదాకా వెంట వస్తుంది. అందుకే ఐదు గ్రాములు అదనం.

కరిగిన కొవ్వు 60 డిగ్రీల దగ్గర ఉండగా సోడా నీళ్లను సన్నని ధారగా పోస్తూ కలపండి. తర్వాత గిన్నెను మరిగే నీళ్ల తొట్టిలో దించి, 85 నుంచి 95 డిగ్రీల మధ్య రెండు మూడు గంటలు ఉంచాలి. మొదట పలుచని మీగడలా ఉంటుంది, ఆ తర్వాత గరిటె నిలబడేంత గట్టిపడుతుంది, చివరికి వాసెలిన్‌లా వెలుతురు పారే ముద్దవుతుంది. ఇగిరిపోయిన నీళ్లను వేడినీళ్లతో భర్తీ చేస్తూ ఉండండి.

అరగంటయినా పైన నూనె, కింద నీళ్లు విడివిడిగా నిలిచిపోతే కంగారు పడనక్కర్లేదు. ఆ రెంటినీ పట్టి ఉంచే సబ్బు ఇంకా పుట్టలేదు, అంతే. ఏమీ కలపని సాదా సబ్బును ఒక చెంచా తురిమి వేసి గట్టిగా తిప్పితే అందుకుంటుంది.

అయిందా లేదా? గోళీ అంత ముద్దను వేడి డిస్టిల్డ్ వాటర్‌లో వెయ్యండి. పూర్తిగా కరిగి తేటగా ఉంటే అయినట్టు. పైన నూనె కళ్లు తేలితే మరో గంట. ఈ పరీక్షకు మామూలు నీళ్లు వాడితే మోసపోతారు: వాటిలోని కాల్షియం సబ్బును తెల్లని తరకలుగా విరగ్గొడుతుంది, అయిన సబ్బు కూడా కానట్టే కనిపిస్తుంది.

కార్ఖానాల్లో ఈ పనిని సున్నంతో చేశారు. సోడా కన్నా ఎంతో చౌక, పైగా తర్వాత సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే సున్నం జిప్సంగా మారి అడుగుకు దిగిపోతుంది. కానీ సున్నపు సబ్బు నీళ్లలో కరగదు, రాయిలా గట్టిపడుతుంది. దాన్ని పొడిచేసి ఆమ్లంలో ఉడికించడం చిన్న గిన్నెలో చికాకు. కొద్ది మొత్తానికి సోడాయే సుఖం.

ఆమ్లంతో విడగొట్టడం

సబ్బును రెండున్నర లీటర్ల వేడినీళ్లలో కరిగించి 80 డిగ్రీల దగ్గర ఉంచండి. పలుచని ఆమ్లాన్ని ఒక్కో గరిటె చొప్పున, కలుపుతూ పొయ్యాలి. నురగ పైకొస్తే ఆగి, దిగాక మళ్లీ. మొదట పెరుగు విరిగినట్టు తెల్లని తరకలు కడతాయి. ఆమ్లం చాలినకొద్దీ అవి కరిగి, పైన తేనెరంగు తేట నూనె, కింద తేట నీళ్లు నిలుస్తాయి. రెంటి మధ్య పాల పొర కనిపిస్తోందంటే విడిపోని సబ్బు ఇంకా ఉందని. ఇంకొంచెం ఆమ్లం పోసి పావుగంట అదే వేడి మీద ఉంచండి. కింది నీళ్లలో ముంచిన లిట్మస్ వెంటనే ఎర్రబడాలి.

సల్ఫ్యూరిక్ ఆమ్లం ఇంట్లో పెట్టుకోవడం ఇష్టంలేనివారు సిట్రిక్ ఆమ్లం వాడొచ్చు, 225 గ్రాములు అర లీటరు నీళ్లలో. సిట్రిక్ అణువులో మూడు ఆమ్ల హైడ్రోజన్లున్నా మూడోది మరీ బలహీనం, కొవ్వు ఆమ్లాన్ని సబ్బులోంచి తొయ్యలేదు. అందుకే రెంటినే లెక్కగట్టి, పైన కాస్త ఎక్కువ వేసుకున్నాం.

గిన్నెను కదపకుండా చల్లారనిస్తే పైన బిళ్ల కడుతుంది. దాన్ని ఎత్తి, కింది నీళ్లు పారబోసి, లీటరు కొత్త వేడినీళ్లలో మళ్లీ కరిగించి కలిపి చల్లార్చండి. కడిగిన నీళ్లు లిట్మస్‌ను ఎర్రబరచనంత వరకు ఇలా కడగాలి. మామూలుగా మూడుసార్లు పడుతుంది. బద్ధకించి రెండోసారికే ఆపేస్తే ఆ ఫలితం కొవ్వొత్తిలో కనిపిస్తుంది: మిగిలిన సల్ఫ్యూరిక్ ఆమ్లం నూలును తినేస్తుంది, ఒత్తి చీకిపోతుంది.

చివరగా బిళ్లను 100 డిగ్రీలు దాటీదాటకుండా కరిగించి, చిటపటలూ బుడగలూ ఆగేదాకా ఉంచండి. నీటి చుక్క మిగిలితే కొలతా తప్పుతుంది, కొవ్వొత్తీ వెలుగుతూ చిటచిటమంటుంది. 500 గ్రాముల కొవ్వుకు 475 గ్రాముల దాకా రావాలి. లోటు అయిన 25 గ్రాములే గ్లిసరిన్ అనుకోకండి. విడిపోయేటప్పుడు నీళ్లు కూడా ఇందులో చేరతాయి, కాబట్టి పారబోసిన నీళ్లలో 50 గ్రాముల దాకా గ్లిసరిన్ పోయింది. దాని తీపిని షెవ్రెల్‌కు ముందే, 1779లో, స్వీడన్‌లో రసాయనవేత్త షీలె గుర్తించాడు. తీపి అనే గ్రీకు మాట నుంచి గ్లిసరిన్ అని పేరు పెట్టింది మాత్రం షెవ్రెల్.

అంకె తియ్యడం

ఇది తొందరపడకూడని చోటు. వేలెడు లావు గాజు గొట్టంలో 15 గ్రాముల కరిగిన కొవ్వు ఆమ్లాన్ని పోసి, థర్మామీటరు బల్బు సరిగ్గా మధ్యలో ఉండేలా బెండు బిరడాతో నిలబెట్టండి. బల్బు గాజు గోడకు తగిలితే అంకె అబద్ధం చెబుతుంది. గొట్టాన్ని ఖాళీ సీసా మెడలోంచి వేలాడదియ్యండి. చుట్టూ ఉన్న గాలి చల్లారడాన్ని నెమ్మది చేస్తుంది. పావు నిమిషానికోసారి డిగ్రీ రాసుకోండి.

పాదరసం దిగుతూ వస్తుంది. ద్రవం మసకబారుతుంది. దిగడం నెమ్మదించి ఒకచోట ఆగుతుంది, తర్వాత వింతగా అరడిగ్రీయో ఇంకాస్తో పైకెక్కుతుంది. గడ్డకట్టేటప్పుడు బయటపడే వేడి అది. అలా ఎక్కి నిలిచిన అత్యధిక అంకే ఘనీభవన స్థానం. ఆ తర్వాత మళ్లీ దిగుతుంది, దాన్ని పట్టించుకోవద్దు. రెండుసార్లు చేసి, రెండు అంకెలూ అరడిగ్రీలోపు కలిస్తేనే కాగితం మీద ఖాయం చెయ్యండి.

ఈ దశలో 40 నుంచి 46 దాకా వస్తుంది. 40 కన్నా బాగా తక్కువ వస్తే కొవ్వు మెత్తరకం అయినా అయ్యుండాలి, సబ్బు కట్టడం సగంలో ఆగిపోయైనా ఉండాలి, నీరైనా మిగిలుండాలి. నీటి సంగతి తేల్చడం తేలిక: మళ్లీ వేడిచేస్తే చిటపటమంటుంది.

పిండడం

స్టియరిన్ మంచిచెడ్డలు ప్రెస్సు దగ్గర కాదు, అంతకు ముందు రాత్రి చల్లారేటప్పుడే నిర్ణయమైపోతాయి. కరిగిన కొవ్వు ఆమ్లాన్ని రెండు సెంటీమీటర్ల లోతు పళ్లెంలో పోసి, దుప్పటి చుట్టిన పెట్టెలో పన్నెండు గంటలకు తక్కువ కాకుండా ఉంచండి. నెమ్మదిగా చల్లారితే పెద్ద పలకల్లాంటి స్ఫటికాలు కడతాయి, వాటి సందుల్లో ద్రవం నిలుస్తుంది, నొక్కితే బయటికి దారి ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టి తొందరచేస్తే వెన్నలాంటి సన్నని ముద్ద అవుతుంది. దాన్ని ఎంత పిండినా ద్రవం రాదు, ముద్దే గుడ్డలోంచి పొడుచుకొస్తుంది. అలా అయితే మళ్లీ కరిగించి చల్లార్చడం తప్ప మార్గం లేదు.

బిళ్లను కాన్వాసులో మడిచి, 15–20 డిగ్రీల గదిలో చెక్కల మధ్య పెట్టి బిగించండి. ఒక్కసారి బిగించకూడదు. ఐదు నిమిషాలకోసారి పావు చుట్టు. గోధుమరంగు నూనె జారుతుంది, ధార ఆగాకే తర్వాతి చుట్టు. గంట గంటన్నర పడుతుంది. ఇప్పుడు అంకె తీస్తే 50కి అటూ ఇటూ ఉండాలి. రెండోసారి పిండేది వేడిగా: చెక్కలకు బదులు 45 డిగ్రీల నీళ్లలో ముంచి తుడిచిన లోహపు పలకలు పెట్టి అలాగే నొక్కండి. చల్లగా పిండినప్పుడు రాని ఓలియిక్ ఇప్పుడు వస్తుంది, దానితో కొంత పామిటిక్ కూడా కరిగి పోతుంది. ఆ నష్టం తప్పదు. పిండిన నూనెను పదిలోపు డిగ్రీల్లో ఒక రాత్రి ఉంచితే అడుగున చేరిన గట్టి భాగం కొంత తిరిగి దక్కుతుంది.

కార్ఖానాలూ ఇదే చేశాయి, హైడ్రాలిక్ ప్రెస్సుతో. రెండుసార్లు పిండిన స్టియరిన్, మూడుసార్లు పిండిన స్టియరిన్ అనే పేర్లు వర్తకంలో ఇప్పటికీ నిలిచాయి. చేత్తో 150 నుంచి 200 గ్రాములు వస్తే మంచి పని కిందే లెక్క. అంకె 53–55 దగ్గర నిలిస్తే కొవ్వొత్తికి సిద్ధం.

69 ఎందుకు రాలేదు?

ఇక్కడ షెవ్రెల్ కూడా తప్పటడుగు వేశాడు. పిండిన తెల్లని పదార్థం స్టియరిక్, పామిటిక్ కలిసిన మిశ్రమం. ఈ రెండూ కలిస్తే ఏ ఒక్కదానికన్నా తక్కువ డిగ్రీకే కరుగుతాయి, 55 చుట్టుపక్కల. పైగా పాళ్లు కొంత అటూ ఇటూ మారినా ఆ చుట్టుపక్కలే అంకె పెద్దగా కదలదు. కదలని అంకెను స్వచ్ఛతకు గుర్తుగా పట్టుకున్న షెవ్రెల్, ముత్యానికి గ్రీకు పేరు తీసుకుని మార్గరిక్ ఆమ్లం అని వేరే పదార్థం ఉందన్నాడు. 1850లలో జర్మన్ రసాయనవేత్త హైంట్జ్ అది మిశ్రమమేనని చూపాడు. ఆ పేరు మాత్రం చావలేదు: 1869లో ఫ్రెంచి రసాయనవేత్త మెజ్ మూరియే తయారుచేసిన కృత్రిమ వెన్నకు మార్గరిన్ అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది.

కొవ్వొత్తికి అవసరం లేదుగానీ, దీన్ని స్వయంగా చూడాలనుకుంటే 50 గ్రాముల పిండిన స్టియరిన్‌ను 500 మిల్లీలీటర్ల 95 శాతం ఆల్కహాల్‌లో కరిగించండి. వేడినీళ్ల తొట్టిలోనే, దగ్గర్లో ఏ మంటా లేకుండా, కిటికీలు తెరిచి. తర్వాత 20 డిగ్రీలకు నెమ్మదిగా చల్లార్చి, వడకట్టి, చల్లని ఆల్కహాల్ కొద్దిగా చిలకరించి ఆరబెట్టండి. పామిటిక్ ఎక్కువ కరుగుతుంది, స్టియరిక్ తక్కువ, కాబట్టి స్ఫటికాల్లో స్టియరిక్ పాలు పెరుగుతుంది. మొదటిసారి అంకె కదలకపోతే, ఒక్కోసారి కాస్త తగ్గితే, పని చెడిందని వదలకండి. మిశ్రమం ఆ లోయలోంచి ఎక్కుతోంది. మూడు నాలుగుసార్లయ్యాక 60లు దాటి 69 వైపు నడుస్తుంది. ఒక్క అంకె నిలిచిందంటే చాలదు, పాళ్లు మార్చి చూసినా నిలవాలి.

ఒత్తి, అచ్చు

1825లో షెవ్రెల్, మరో ఫ్రెంచి రసాయనవేత్త గేలుసాక్ కలిసి స్టియరిక్ కొవ్వొత్తికి పేటెంటు తీసుకున్నారు. వ్యాపారం నిలవలేదు. పదార్థం ఎంత మంచిదైనా పురిపెట్టిన మామూలు ఒత్తి మాడి నిలబడిపోతుంది, కొనను మాటిమాటికీ కత్తిరించాలి. అదే కాలంలో కంబాసెరెస్ జడలా అల్లిన ఒత్తి తెచ్చాడు. అల్లిన ఒత్తి కాలేకొద్దీ పక్కకు వంగి, కొన మంట అంచుకు చేరుతుంది. అక్కడ గాలి పుష్కలం, కాబట్టి పూర్తిగా కాలి రాలిపోతుంది. తర్వాత 1830లలో సున్నపు పద్ధతితో పారిస్‌లో ఎత్వాల్ దగ్గర కార్ఖానా నడిపిన ద మిలీ, ఒత్తిని బోరిక్ ఆమ్లంలో నానబెట్టాడు. నూలు కాలాక మిగిలే బూడిద ఒత్తి సందులను మూసేస్తుంది. బోరిక్ దాన్ని కరిగించి చిన్న గాజుపూసలా కొనమీద నిలిపి రాల్చేస్తుంది.

మీరు చెయ్యాల్సింది: 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో 2 గ్రాముల బోరిక్ ఆమ్లం కరిగించి, అల్లిన నూలు ఒత్తిని రాత్రంతా నానబెట్టి, పూర్తిగా ఆరబెట్టడం. తడి ఒత్తి చిటచిటమంటుంది.

అచ్చు తగరం పూతదో గాజుదో ఉండాలి, లోపలి వ్యాసం 20–22 మిల్లీమీటర్లు. రాగి, ఇత్తడి వద్దు, స్టియరిక్ ఆమ్లం వాటిని తిని పచ్చబడుతుంది. ఒత్తిని బిగుతుగా, నిట్టనిలువుగా కట్టండి. వదులుగా ఉంటే ఓ పక్కకు జరిగి, ఆ వైపు గోడ కరిగి కారిపోతుంది.

బాగా వేడిగా పోస్తే పెద్ద స్ఫటికాలు కట్టి, కొవ్వొత్తి మచ్చలమచ్చలుగా, చేత్తో వంచితే పుటుక్కుమనేలా తయారవుతుంది. తొలిరోజుల్లో దీన్ని ఆపడానికి ఆర్సెనిక్ కలిపారు, మండినప్పుడు విషం గాలిలోకి వచ్చేది కనుక మానేశారు. విరుగుడు సులువే. స్టియరిన్‌లో పదో వంతు తేనెమైనమో పారఫిన్ మైనమో కలిపి, కలుపుతూనే చల్లార్చండి. తేటదనం పోయి పాలలా మసకబారగానే, 45 డిగ్రీలకు వేడిచేసిన అచ్చులో పొయ్యండి. అచ్చు చల్లగా ఉంటే గోడ పక్కన మడతలు పడతాయి. గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోయి మధ్యలో గుంట పడుతుంది, దాన్ని మరో చెంచాతో నింపండి. ఆ కుంచించుకోవడం వల్లే చల్లారాక కొవ్వొత్తి దానంతటదే అచ్చు వదులుతుంది.

ఒక రోజు ఆగి వెలిగించండి. ఒత్తి కొన పక్కకు వంగి కాలుతోందా, పొగ రావడం లేదా చూసుకోండి. పొగ వస్తే ఈ లావుకు ఒత్తి పెద్దదైంది. మంట చిన్నబోయి గిన్నెలా కరిగినది పొంగితే ఒత్తి చిన్నది. తర్వాత ఊది ఆర్పి, లేచిన తెల్లని తీగ దగ్గర వాసన చూడండి. మాడిన మైనపు వాసన రావచ్చు. గొంతు పట్టి కళ్లు మండిస్తే మాత్రం అందులో ఇంకా కొవ్వుంది. ఆ కొవ్వొత్తిని కరిగించి, ఒత్తి తీసేసి, సబ్బు కట్టించే దశ నుంచి మళ్లీ మొదలుపెట్టండి. మైనం కలిపిన వంతు మాత్రం ఎన్నిసార్లు ఉడికించినా పూర్తిగా సబ్బవదు. అందుకే మైనం కలిపే ముందే నాలుగు చుక్కలు ఒక దారం మీద వేసి, వెలిగించి ఆర్పి వాసన చూడటం మేలు.